గట్టి దెబ్బ కొట్టినవాళ్ళని క్షమించడం ఎలా: ఒక నోటుబుక్కు, మూడు నెలలు

ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని నెల లేదు. అమలాపురం నుంచి ఒకరు, పాలకొల్లు నుంచి ఒకరు, గల్ఫ్‌లో పనిచేస్తూ అక్కడ అందరూ పడుకున్నాక ఫోన్ చేసే చెల్లెలు ఒకరు. ఒకరికి అన్నయ్య అమ్మచేత వేలిముద్ర వేయించుకుని కొబ్బరితోట రాయించేసుకున్నాడు. ఒకరికి ఏజెంటు వీసా డబ్బు తినేశాడు. ఇంకొకరికి పక్క రొయ్యల చెరువు ఉప్పునీరు చేలోకి దిగి వరి మాడిపోయింది, అడిగితే కొట్టడానికి వచ్చారు. కథలు వేరు. చివర్లో అడిగేది ఒకటే: "క్షమించేద్దామనే ఉంది అక్కా, కానీ అవ్వట్లేదు. ఎలా?"

ఎందుకు క్షమించాలో ఇక్కడ రాయను. అక్కర్లేదనుకుంటే అది మీ హక్కు, అందులో తప్పేమీ లేదు. చేద్దామనుకుని చెయ్యలేకపోతున్నవాళ్ళ కోసమే ఇది.

మనవైపు ఇళ్ళలో "క్షమించు" అనే మాట ఎవరూ వాడరు. "పోనీలే" అంటారు. దెబ్బ తిన్నవాళ్ళు తమంతట తాము అంటే అది చాలా పెద్ద మాట. పక్కవాళ్ళు మన చేత అనిపించాలని చూస్తే మాత్రం గాయం మీద ఇంకో గాయం. ఈ పద్ధతిలో "పోనీలే" చిట్టచివర వస్తుంది. ఎవరైనా ముందే అనమంటే అనకండి.

ఇక్కడ క్షమించడం అంటే, "వాడు నాశనమైపోవాలి" అన్న కోరికని మనలోంచి నెమ్మదిగా దించుకోవడం. మర్చిపోవడం వేరు, మళ్ళీ కలిసిపోవడం వేరు, కేసు వెనక్కి తీసుకోవడం వేరు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ, 10 ఏళ్ళ, 6 ఏళ్ళ ఇద్దరు కొడుకుల్నీ జీపులో సజీవ దహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ ఆ హంతకుల్ని క్షమించానని చెప్పారు, ఆ తర్వాత కూడా బారిపదలో ఉండి కుష్ఠు రోగులకి సేవ చేశారు. అయినా కేసు నడిచింది. ప్రధాన నిందితుడికి పడిన యావజ్జీవ శిక్షని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమ ఆమెది, కోర్టు పని కోర్టుది. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే మనలో చాలామంది మొదటి అడుగు దగ్గరే ఆగిపోతున్నారు.

ఇప్పుడు మొదలుపెట్టకూడనివాళ్ళు

దెబ్బ ఇంకా పడుతూ ఉంటే ఈ పద్ధతి మీకు కాదు. భర్త ఇప్పటికీ కొడుతున్నా, ఎవరైనా బెదిరిస్తున్నా, ఇంట్లో పిల్లల మీద ఎవరి చెయ్యైనా పడుతున్నా ముందు అక్కణ్ణుంచి బయటపడాలి. అత్యవసరమైతే 112, మహిళలకి 181, పిల్లల విషయమైతే 1098. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మొహమాటమూ చూడను. కొట్టే చెయ్యి ఆగకముందు క్షమించమని చెప్పేవాళ్ళు మీ మేలు కోరేవాళ్ళు కారు.

జరిగి ఆరు నెలలు కూడా కాలేదంటే ఇంకొంచెం ఆగండి. చచ్చిపోవాలనో చంపెయ్యాలనో ఆలోచనలు వస్తుంటే, నిద్ర పూర్తిగా పోయి ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

కావలసినవి

- ఒక వంద పేజీల నోటుబుక్కు. ఫోన్లో రాయకండి, ఇంట్లో ఎవరో ఒకరు చూస్తారు.
- రోజుకి ఇరవై నిమిషాలు, ఎవరూ పిలవని చోటు. ఏటిగట్టు, గుడి మండపం, పెరట్లో నుయ్యి పక్క, ఏదైనా సరే.
- ఒక మనిషి. అవతలివాళ్ళకి చుట్టం కాకూడదు, "పోనీలే" అనే తొందర ఉండకూడదు, విన్నది రేవులో చెప్పకూడదు. ఇలాంటి మనిషి దొరకడమే కష్టం. దొరక్కపోతే నోటుబుక్కుతోనే కానివ్వండి.
- మూడు నెలల ఓపిక. నాకు అంతకంటే చాలా ఎక్కువే పట్టింది.

1. జరిగింది పద్దులా రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. తేదీ, ఏం చేశారు, నాకు ఏం పోయింది, ఇంకెవరికి ఏం పోయింది. ఈ నాలుగే. "నీచుడు", "నమ్మకద్రోహి" లాంటి మాటలు ఈ పేజీలో వద్దు. తిట్టుకి అంతు ఉండదు, పద్దుకి ఉంటుంది. ఎంత పెద్ద నష్టమైనా కాగితం మీద ఎక్కడో ఒకచోట చివరి గీత పడుతుంది. ఆ గీత కోసమే రాయడం.

నా సంగతి చెబుతాను. మాది రాజోలు వైపు. 1995లో నాన్న తన ప్రాణస్నేహితుడి ప్రోనోటు మీద ష్యూరిటీ సంతకం పెట్టారు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. ఆ డబ్బు రొయ్యల చెరువుకి. ఆ రోజుల్లోనే తెల్లమచ్చ తెగులు వచ్చి కోస్తా అంతా చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. ఒక రాత్రి బాబాయ్ కుటుంబంతో సహా ఊరు వదిలి వెళ్ళిపోయాడు. అప్పులవాళ్ళు మా అరుగు మీద కూర్చున్నారు. రెండెకరాల కొబ్బరితోట పోయింది, నా డిగ్రీ రెండో ఏడాదిలో ఆగింది, నాన్న గట్టు మీద టీకొట్టుకి వెళ్ళడం మానేశారు. నాలుగేళ్ళకి పోయారు.

పదమూడేళ్ళ తర్వాత ఇదంతా రాయడానికి కూర్చుంటే, మొదటి పేజీ తోట గురించే అవుతుందనుకున్నాను. తోట మూడో పేజీలో వచ్చింది. మొదటి పేజీలో వచ్చింది, వెళ్ళిపోయిన ముందురోజు రాత్రి ఆయన మా ఇంట్లో భోంచేసి, చెయ్యి కడుక్కుని, "రేపొస్తాను అన్నయ్యా" అనడం. ఆ మాట విన్నాక నాన్న పొద్దున్నే ఆయన కోసం అరుగు మీద కూర్చోవడం. నేను మొయ్యలేకపోయినది తోట కాదని నాకే అప్పటిదాకా తెలియదు. మీకూ ఇలాగే జరగొచ్చు. అందుకే ముందుగా ఏమీ ఊహించకుండా రాయండి.

ఎలా రాయాలి: వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను, ఇరవై నిమిషాలు. గడియారం పెట్టుకోండి, టైం అవ్వగానే ఆపండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా సైకాలజిస్టు 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత నాలుగు రోజులు, రోజుకి 15 నిమిషాల చొప్పున ఇలాగే రాయించారు. రాసిన రోజున వాళ్ళ మనసు ఇంకా పాడైంది, తర్వాతి నెలల్లో మాత్రం ఆస్పత్రికి వెళ్ళడం తగ్గింది.

జాగ్రత్త: రాసిన సాయంత్రం మీకు బాగోదు. ఏడుపొస్తుంది, అన్నం సయించదు. అది మామూలే. ఆ రోజు మాత్రం అవతలివాళ్ళకి ఫోన్ చెయ్యకండి. వారం గడిచినా ఆ బాధ తగ్గకపోతే రాయడం ఆపి డాక్టరుతో మాట్లాడండి. చదువు రానివాళ్ళు నమ్మకమైన మనిషికి చెప్పుకోవచ్చు. మా మేనత్త అలాగే చేసింది, నాలుగు మధ్యాహ్నాలు నాకే చెప్పింది.

2. నష్టాన్ని విడగొట్టండి

రాసినదాన్ని మళ్ళీ చదివి, ప్రతి నష్టం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వెయ్యండి: రాబట్టుకోగలిగింది, ఎప్పటికీ రానిది, ఇంకా జరుగుతున్నది.

ఇంకా జరుగుతున్నదాన్ని ముందు ఆపాలి. రాబట్టుకోగలిగింది వదలొద్దు. ప్రోనోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్ళే గడువు. ఈలోగా వాళ్ళు కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. "క్షమించేశాను కదా" అని గడువు దాటనిచ్చి, ఆ తర్వాత రాత్రుళ్ళు పళ్ళు కొరుక్కునేవాళ్ళని చూశాను. పెద్దమనుషుల్లో తేలకపోతే లోక్ అదాలత్ ఉంది, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ ఒప్పుకున్న రాజీ మీద అప్పీలు ఉండదు. కాబట్టి ఒప్పుకునేముందే బాగా ఆలోచించుకోండి. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. నంబరు 15100.

క్షమించాల్సింది రెండో గుర్తు పడినవే. నా జాబితాలో నాన్న, చదువు, ఆ "రేపొస్తాను" ఉన్నాయి. వీటిని ఆయన ఎంత డబ్బు తెచ్చినా తిరిగి ఇవ్వలేడు. రాని బాకీ అని నేను రాసుకున్నాను. అలా రాసుకోవడానికే నాకు చాలా రోజులు పట్టింది.

3. వాళ్ళు వచ్చి తప్పు ఒప్పుకుంటారన్న ఆశని పక్కన పెట్టండి

వస్తే మంచిదే. కానీ మీ పని దాని మీద ఆధారపడితే, మీ నిద్ర ఇంకా వాళ్ళ చేతిలోనే ఉన్నట్టు. వాళ్ళ నోటి నుంచి మీరు వినాలనుకుంటున్న మాటల్ని మీరే ఒక పేజీలో రాయండి. నాది మూడు వాక్యాలు. "అమ్మాయ్, భయపడి పారిపోయాను. మీ నాన్న నా కోసం ఎదురుచూస్తాడని తెలుసు. తెలిసే వెళ్ళాను." ఇంతే. ఆయన ఇప్పటికీ అనలేదు. ఆ మూడు వాక్యాలు నిజమని నాకు తెలుసు కాబట్టి ఆయన అనడం కోసం ఇప్పుడు చూడటం లేదు.

4. వాళ్ళ వైపు నుంచి ఒక పేజీ

మొదటి మూడు మెట్లూ అవ్వకుండా దీన్ని ముట్టుకోవద్దు. మనవాళ్ళకి ముఖ్యంగా ఆడపిల్లలకి ఎదుటివాళ్ళ వైపు ఆలోచించడం చిన్నప్పుడే నేర్పేస్తారు. తన నష్టం రాసుకోకముందే "పాపం ఆయన పరిస్థితి ఏమిటో" అని మొదలుపెడితే అది లొంగిపోవడం అవుతుంది.

ఆ రోజు వాళ్ళు ఏం భయపడ్డారు, ఏం ఆశపడ్డారు, వాళ్ళ ముందు ఏ దారులు ఉన్నాయి, అందులో ఏది ఎంచుకున్నారు. ఈ చివరి రెండూ తప్పకుండా రాయాలి. బాబాయ్ చెరువులో రొయ్య రెండు మూడు రోజుల్లో చచ్చి గట్టుకి కొట్టుకొచ్చింది. ఆయన ఏం చూసి ఉంటాడో నేను ఊహించగలను. భయపడటం నాకు అర్థమైంది. నాన్నతో చెప్పే దారి కూడా ఆ రాత్రి ఆయన ముందు ఉంది, పళ్ళెం ముందు కూర్చునే ఉంది. అది ఆయన ఎంచుకోలేదు. ఈ రెండూ ఒకే పేజీలో ఉండాలి.

ఈ పేజీ రాయడం మీ వల్ల కాకపోతే వదిలెయ్యండి. కొన్ని నేరాలకి రెండో వైపు ఉండదు. పసిపిల్లని పాడుచేసినవాడి మనసులోకి తొంగి చూడమని నేను ఎవరినీ అడగను. ఈ మెట్టు లేకుండానే అయిదో మెట్టు ఎక్కొచ్చు.

5. తేదీ వేసి నిర్ణయం రాసుకోండి

ఎవరెట్ వర్తింగ్టన్ అనే సైకాలజిస్టు క్షమ మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తున్నవాడు. 1996 కొత్త సంవత్సరం వేళ ఒక దొంగ ఇంట్లో చొరబడి ఆయన తల్లిని చంపేశాడు. వాడు దొరికితే బ్యాటుతో కొట్టి చంపుతానని తనకీ అనిపించిందని ఆయనే చెప్పుకున్నారు. నిర్ణయంతో క్షమించడం ఒకటి, మనసుతో క్షమించడం ఇంకొకటి అని ఆయన విడదీసి చెబుతారు. నిర్ణయం ఒక్క రోజులో తీసుకోవచ్చు. మనసు తన దారిన తను వస్తుంది.

కాబట్టి మనసు మెత్తబడే దాకా ఆగకండి. మీరు నిజంగా నిలబెట్టుకోగలిగింది మాత్రమే రాయండి. నాది ఇది: "ఈ రోజు నుంచి ఆయనకి చెడు జరగాలని కోరను. ఆయన పిల్లల దగ్గర ఈ మాట ఎత్తను. ఆయన సంగతి ఎవరైనా అడిగితే జరిగింది చెబుతాను, తిట్టను." తేదీ వేశాను, సంతకం పెట్టాను. "పూర్తిగా క్షమించాను" అని రాయలేదు, అప్పటికి అది అబద్ధం.

ఈ కాగితం అవతలివాళ్ళకి చూపించకండి. "నిన్ను క్షమించాను" అని వెళ్ళి చెప్పడం కూడా చాలాసార్లు బెడిసికొడుతుంది. "నేనేం చేశానని?" అంటారు, మళ్ళీ మొదటికి వస్తారు.

6. గట్టు ఎక్కడ వెయ్యాలో తేల్చుకోండి

హైదరాబాదులో ఉన్నవాళ్ళకి ఇది అంత కష్టం కాదు. మన గోదావరి డెల్టాలో ఒకే పంటులో (రేవు దాటించే పడవలో) ఏరు దాటాలి, ఒకే బోదె నీళ్ళు పంచుకోవాలి, సంక్రాంతికి ఒకే ప్రభ దగ్గర కనబడాలి. "మాటల్లేవు" అన్నది మన దగ్గర ఒక పద్ధతి, "రాకపోకలున్నాయి" అన్నది ఇంకోటి. మధ్యలో ఉన్నవి మనం వాడుకోవడం లేదు. ఈ వరసలో మీకు ఏది సరిపోతుందో ముందే అనుకోండి:

- అసలు మాటల్లేవు. ఎదురుపడితే పక్కకి తప్పుకోవడం. ఒళ్ళు పాడుచేసినవాళ్ళ విషయంలో జీవితాంతం ఇక్కడే ఉండిపోవచ్చు.
- ఎదురుపడితే "బావున్నారా", అంతే.
- చావుకి వెళ్ళడం, పెళ్ళికి చదివింపులు పంపడం, బంతిలో పక్కన కూర్చోకపోవడం.
- రాకపోకలు ఉంటాయి, డబ్బు, సంతకం, తాళాలు, పిల్లల్ని అప్పగించడం ఉండవు.

నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చినప్పుడు, నాలాగా వీడి తల్లి కూడా ఏడవకూడదని ద్రౌపది ప్రాణం తియ్యనివ్వలేదు. అయినా తలమీద మణి తీసేసుకున్నారు, జుట్టు గొరిగి శిబిరం బయటికి వెళ్ళగొట్టారు. మళ్ళీ పక్కన పడుకోనిచ్చేంత వెర్రితనం ఎవరూ చెయ్యలేదు. "క్షమించావు కదా, మరి మళ్ళీ మామూలుగా ఉండొచ్చుగా" అని చుట్టాలు అంటే ఈ కథ గుర్తు చెయ్యండి.

చుట్టాలతో అనడానికి ఒక వాక్యం ముందే సిద్ధం చేసుకోండి. "నాకు ఆయన మీద పగ లేదు పిన్నీ, కానీ ఇంటికి పిలవను." ఎంత బతిమాలినా దీన్నే మళ్ళీ చెప్పండి, వివరించడం మొదలుపెట్టకండి.

7. కోపం తిరిగొచ్చే రోజుకి ముందే తయారవ్వండి

వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గుర్రపుడెక్క మొత్తం తీసేస్తారు, నీళ్ళు వదిలాక నాలుగు నెలలకి మళ్ళీ ఎక్కడో పచ్చగా కనబడుతుంది. తీసిన పని వృథా అని ఎవరూ అనరు, మళ్ళీ తీస్తారు.

నేను వాడే లెక్క మనందరికీ తెలిసిందే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ కోపానికి కూడా మూడు గుర్తులు పెట్టుకోండి. మొదటిది: పేరు వినగానే కడుపులో తిప్పడం. అప్పుడు నోటుబుక్కు తీసి అయిదో మెట్టు కాగితం చదవండి, చాలు. రెండోది: రాత్రి ఆ దృశ్యం పదేపదే తిరగడం. మర్నాడు పదిహేను నిమిషాలు రాయండి, మీ మనిషికి ఫోన్ చెయ్యండి. మూడోది: చేతులు వణకడం, ఏదో ఒకటి చేసెయ్యాలనిపించడం. అప్పుడు ఏ నిర్ణయమూ వద్దు, ఏ మెసేజీ పంపొద్దు, ఆ ఊళ్ళో ఉంటే బస్సెక్కి బయటికి వెళ్ళిపోండి. వరద తీసే దాకా ఎవరైనా చేసేది అదే.

ఏ రోజుల్లో వస్తుందో కూడా రాసిపెట్టుకోండి. సంవత్సరీకం, పండగలు, అమ్మిన తోటలో కొబ్బరి దింపు జరుగుతున్న రోజు. నాకు ఇప్పటికీ ఆ తోట పక్కనుంచి వెళ్తే కాయ కిందపడే చప్పుడు కష్టంగానే ఉంటుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

పెద్దవాళ్ళు మంచాన పడ్డారనో, పెళ్ళి ముహూర్తం దగ్గరపడిందనో తొందరపడి చేతులు కలిపేయడం. ఆ ఫోటో తర్వాత ఏళ్ళ తరబడి గుచ్చుతుంది. పెళ్ళి కోసమైతే ఆ ఒక్కరోజుకి మర్యాద పాటిస్తానని చెప్పండి, అంతవరకే.

రెండోది, కోపం లేనట్టు నటించడం. కోపం లోపలికి పోయి ఇంట్లో పిల్లల మీద, కోడలి మీద బయటపడుతుంది. నాన్న పోయాక ఎన్నో ఏళ్ళు నేను మా తమ్ముడి మీద అరిచాను. వాడు చేసిన తప్పేమీ లేదు. అది వాడికి చెప్పి, నేనే క్షమించమని అడగాల్సి వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా బాధగానే ఉంది.

మూడోది, ఒకరి దెబ్బని వాళ్ళ కులానికో, కుటుంబానికో, ఊరికో అంటగట్టడం. పద్దులో ఆ పని చేసిన మనిషి పేరు మాత్రమే ఉండాలి.

సరిగ్గా జరుగుతోందని ఎలా తెలుస్తుంది

మూడు నెలలకోసారి ఈ ప్రశ్నలకి జవాబు రాయండి. జరిగినదాన్ని మొదటి నుంచి చివరిదాకా గొంతు మారకుండా ఒకసారి చెప్పగలుగుతున్నారా? వాళ్ళకి మంచి జరిగిందని విన్నప్పుడు ఆ రోజంతా పాడవుతోందా, ఒక గంటేనా? వాళ్ళ గురించి తలవకుండా ఎన్ని రోజులు గడిచాయి? "కాదు" అని అరవకుండా అనగలుగుతున్నారా?

నాకు ఆ చివరిదాంతోనే తెలిసింది. కొన్నేళ్ళ క్రితం కోటిపల్లి రేవు దగ్గర ఒక పెళ్ళిలో బాబాయ్ కనబడ్డాడు. ముసలివాడైపోయాడు. "బావున్నారా" అన్నాను. భోజనాలయ్యాక పక్కకి వచ్చి ఇరవై వేలు అప్పు సర్దమని అడిగాడు. "లేదు బాబాయ్, ఇవ్వను" అన్నాను. గొంతు వణకలేదు. తిరిగి వచ్చేటప్పుడు పంటు మీద ఆయన గురించి కాకుండా, ఇంట్లో పాలు తోడు పెట్టానా లేదా అని ఆలోచిస్తున్నట్టు నాకే సగం ఏరు దాటాక తెలిసింది.

మూడు నెలలకి ఏమీ మారకపోతే మళ్ళీ మొదటి మెట్టుకి వెళ్ళండి. చాలాసార్లు పద్దులో ఒక నష్టం రాయకుండా మిగిలిపోయి ఉంటుంది, సిగ్గుపడి వదిలేసింది.

తరచూ వచ్చే ఇంకో రెండు ప్రశ్నలు

వాళ్ళు చనిపోయారు, ఇప్పుడెలా? మెట్లన్నీ ఇవే, ఆరోది ఒక్కటి తగ్గుతుంది. పెద్దకర్మకి వెళ్ళాలా వద్దా అని అడుగుతారు. వెళ్ళకపోతే తర్వాత మీకు బాధ అనిపిస్తుందనుకుంటే వెళ్ళండి. ఊరు ఏమనుకుంటుందోనని అయితే వద్దు.

రాసిన నోటుబుక్కు గోదాట్లో కలిపెయ్యొచ్చా? కేసో, ఆస్తి తగాదానో నడుస్తుంటే కలపకండి, అందులో మీరు రాసిన తేదీలు లాయరుకి పనికొస్తాయి. అంతా తేలిపోయాక మీ ఇష్టం. నాది మాత్రం బీరువాలోనే ఉంది, నాన్న పాసుపుస్తకం కింద.